గాలిలో వచ్చే పాఠం మధ్యలో తెగకుండా అందాలంటే...



శాస్త్ర సాంకేతిక రంగాలు ఎంత ముందుకు పోయినా, వాటి ఫలం చివరి బెంచీ దాకా అందినప్పుడే సార్థకత. ఈ వార్షికోత్సవ సంచికకు ఏ అంశం రాద్దామని ఆలోచించినప్పుడు, మన చదువుకు దగ్గరి సంబంధం ఉండి, మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించని విషయం ఒకటి మాకు తోచింది. తీగ లేకుండా గాలిలో వచ్చే వీడియో పాఠం ఎందుకు మధ్యలో ఆగిపోతుంది? ఆగకుండా ఉండటానికి ఇంజనీర్లు ఏం చేస్తారు? హాస్టల్‌లో ఉన్న మనం ఏం చేయగలం? ఈ మూడు ప్రశ్నలకు వీలైనంత సులభంగా జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మనకెందుకు ఈ గొడవ?

మన దేశంలో ఆకాశం నుంచి పాఠం దింపే ప్రయత్నం కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ అందుకు రిసీవర్ సెట్లు తయారు చేసింది. తర్వాత 2004 సెప్టెంబర్ 20న, విద్య కోసమే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ఇస్రో శ్రీహరికోట నుంచి ప్రయోగించింది. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' పాఠాలు వచ్చేవి. తెలంగాణ ఏర్పడ్డాక 2017లో టీ-శాట్ నిపుణ, టీ-శాట్ విద్య ఛానెళ్లు మొదలయ్యాయి.

ఈ విషయం ఎంత ముఖ్యమో అందరికీ తెలిసివచ్చింది మాత్రం 2020లో. కరోనా వల్ల మార్చిలో బడులు, హాస్టళ్లు మూతపడ్డాయి. పిల్లలంతా ట్రంకు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు చేరారు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో టీవీ ఉన్నవారు టీవీ ముందు, లేనివారు ఫోన్ ఉన్న ఇంటి ముందు కూర్చున్నారు. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన పిల్లలున్నారు. లెక్కల పాఠంలో మూడో మెట్టు చెబుతుండగా బొమ్మ ఆగి, ఐదో మెట్టు దగ్గర తిరిగి వస్తే ఆ లెక్క మొత్తం పోయినట్టే. సినిమాలో రెండు నిమిషాలు పోతే కథ అందుకోవచ్చు. పాఠంలో రెండు నిమిషాలు పోతే అందుకోలేం. అందుకే వీడియో ఎంత అందంగా వచ్చిందన్నది రెండో ప్రశ్న. తెగకుండా వచ్చిందా అన్నదే మొదటి ప్రశ్న.

హెచ్‌డీ బొమ్మ బరువు ఎంత?

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మలు మారుతుంటే మన కంటికి సాఫీ కదలికగా కనిపిస్తుంది. మూడింటినీ గుణిస్తే సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు. ఇంత బరువును ఉన్నదున్నట్టు ఉపగ్రహం ద్వారా గానీ సెల్ టవర్ ద్వారా గానీ ఇంటింటికీ పంపడం కుదిరే పని కాదు. అందుకే బొమ్మను కుదించి పంపుతారు. కుదించాక సెకనుకు సుమారు 50 లక్షల బిట్లు సరిపోతాయి. అంటే 250 మూటల సరుకును ఒక్క మూటలో కట్టినట్టు.

ఈ కుదింపు విద్యలో ఒక తెలుగు పేరు ఉండటం మనం గుర్తుపెట్టుకోదగిన సంగతి. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు గార్లు 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్' అనే గణిత పద్ధతిని ప్రచురించారు. రావు గారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కంటికి తెలిసే మార్పులను ఉంచుకుని, తెలియని సన్నని మార్పులను వదిలేయడం ఈ పద్ధతి సారాంశం. ఫోన్‌లో తీసే జేపెగ్ ఫొటో, టీవీలో చూసే ఎంపెగ్ వీడియో, 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి, అన్నింటిలోనూ ఈ ఆలోచనే పనిచేస్తుంది. సిగ్నల్ సరిగా లేనప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా విరగడం చూసే ఉంటారు. ఆ గళ్లు ఇవే.

కుదించిన బొమ్మ ఎందుకు సుకుమారం?

కుదింపులో ఇంకో ఉపాయం ఉంది. టీచర్ బోర్డు దగ్గర నిలబడి చెబుతున్నప్పుడు బోర్డు కదలదు, గోడ కదలదు. చెయ్యి, పెదవులు మాత్రమే కదులుతాయి. అందుకే ప్రతిసారీ మొత్తం బొమ్మ పంపరు. ఒకసారి పూర్తి బొమ్మ పంపి, తర్వాత 'ఇంతకుముందు దానికీ దీనికీ తేడా ఇదీ' అని మాత్రమే పంపుతారు. మళ్లీ ఒకటి రెండు సెకన్లకు ఇంకో పూర్తి బొమ్మ వస్తుంది.

ఇక్కడే చిక్కు. పూర్తి బొమ్మలో ఒక ముక్క పాడైతే, దాని మీద ఆధారపడిన తర్వాతి బొమ్మలన్నీ పాడవుతాయి. మళ్లీ పూర్తి బొమ్మ వచ్చేదాకా టీచర్ ముఖం చెదిరిపోయే ఉంటుంది. ఎంత ఎక్కువ కుదిస్తే మిగిలిన ప్రతి బిట్టూ అంత విలువైనది అవుతుంది. ఇంట్లో పది మూటల బియ్యం ఉంటే గుప్పెడు ఒలికినా లెక్కలేదు, ఒక్క గిన్నెడే ఉన్నప్పుడు ఆ గుప్పెడే ఒక పూట కూడు.

పాతకాలపు అనలాగ్ టీవీకి, నేటి డిజిటల్ టీవీకి తేడా కూడా ఇక్కడే ఉంది. పాత టీవీలో సిగ్నల్ తగ్గితే తెర మీద చుక్కలు పడేవి, గరగరమనేది, అయినా మాట వినిపించేది. డిజిటల్ టీవీలో సిగ్నల్ తగ్గుతున్నా చాలాసేపు తేడా తెలియదు. ఒక హద్దు దాటగానే బొమ్మ, మాట రెండూ ఒక్కసారిగా పోతాయి. బావి గట్టు దాకా నేల చదునుగానే ఉంటుంది, ఒక్క అడుగు దాటితే లోపలే. కాబట్టి 'ఇప్పుడు బాగానే వస్తోంది' అనుకుని ఊరుకోరాదు. గట్టుకు ఎంత దూరంలో ఉన్నామో చూసుకోవాలి.

సిగ్నల్‌ను తగ్గించేవి ఏవి?

1. వాన: ఇంటి మీది చిన్న డిష్‌లకు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాల పౌనఃపున్యం 12 గిగాహెర్ట్జ్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అంటే తరంగదైర్ఘ్యం సుమారు 2.5 సెంటీమీటర్లు. వాన చినుకులు ఆ తరంగాల శక్తిని కొంత పీల్చుకుంటాయి, కొంత చెదరగొడతాయి. రోజంతా పట్టే సన్నని ముసురు కంటే, పావుగంట కురిసే కుండపోత ఎక్కువ నష్టం చేస్తుంది. 'సైట్' ప్రయోగంలో వాడింది 860 మెగాహెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు కాబట్టి వానను అంతగా లెక్కచేయదు. కోళ్ల గూటికి వాడే జాలీతో పది అడుగుల డిష్ చేసినా పనిచేసింది కూడా అందుకే. తరంగం ముందు ఆ జాలీ కన్నాలు చాలా చిన్నవి.

2. గుట్టలు, చెట్లు: సెల్ టవర్ సిగ్నల్ నేల వెంబడి వస్తుంది. గుట్ట చాటున ఉన్న గూడేనికి అది అందదు, గుట్ట ఎక్కితే టవర్‌కు ఎదురవుతాం కాబట్టి అందుతుంది. ఉపగ్రహం సంగతి వేరు. డీడీ ఫ్రీ డిష్ కోసం వాడే జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి లెక్కగడితే అది ఆగ్నేయ దిక్కున, నేల నుంచి 60 డిగ్రీలకు పైన కనబడాలి. అంత ఎత్తున ఉన్నదానికి గుట్ట అడ్డం రావడం అరుదు. కెరమెరి ఘాట్ల వంటి చోట్ల ఉపగ్రహ పాఠానికి ఉన్న పెద్ద అనుకూలత ఇదే. అయితే డిష్ ముందు పెరిగిన వేప కొమ్మ మాత్రం అడ్డమే. తడిసిన ఆకు మరీ అడ్డం.

3. గోడలు, ఇనుము, మనుషులు: భవనం లోపల వైఫైకి వీటితోనే పేచీ. ఇనుప బీరువా, వరుసగా పేర్చిన ట్రంకు పెట్టెలు తరంగాలను తిప్పికొడతాయి. మనిషి ఒంట్లో నీరు ఎక్కువ కాబట్టి నిండిన హాలు కూడా సిగ్నల్‌ను పీల్చుకుంటుంది.

4. రద్దీ: 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. పక్క భవనం రౌటర్, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి, అన్నీ అదే దారిలో నడుస్తాయి.

ఇంజనీర్లు వాడే ఆరు ఉపాయాలు

వీటన్నింటి వెనక ఒకే సూత్రం ఉంది. కుదింపు చేసేది పొదుపు. పొదుపు చేసి మిగిల్చిన దానిలో కొంత భాగాన్ని ఆపద కోసం తెలివిగా దాచుకోవడమే నమ్మకమైన ప్రసారం. ఎక్కడ దాచుకోవాలన్నదే విద్య.

మొదటిది: సిగ్నల్‌లో నిలువ. మామూలు రోజున కావలసిన దానికంటే ఎక్కువ సిగ్నల్ అందేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. దీన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. 3 డెసిబెల్‌లు తగ్గితే శక్తి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతు అయినట్టు. 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90 సెంటీమీటర్లది పెడితే వైశాల్యం 2.25 రెట్లు అవుతుంది. అంటే సుమారు 3.5 డెసిబెల్‌ల నిలువ. సిగ్నల్‌ను సగానికి పైగా మింగే వాన వచ్చినా బొమ్మ నిలబడుతుంది.

రెండోది: తప్పు దిద్దే సంకేతాలు. ఇది అన్నింటికంటే అందమైన ఉపాయం. మెస్ రిజిస్టర్‌తో చూద్దాం. నాలుగు రోజుల్లో భోజనం చేసినవారి సంఖ్య 42, 38, 45, 40 అనుకుందాం. మొత్తం 165. ఈ మొత్తం కూడా రాసిపెడితే, ఏ ఒక్క సంఖ్య చెరిగిపోయినా తీసివేతతో తెలుసుకోవచ్చు. రెండు చెరిగితే? ఇంకో మొత్తం కావాలి. మొదటి సంఖ్యను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో, నాలుగోదాన్ని 4తో గుణించి కూడుదాం. 42 + 76 + 135 + 160 = 413. ఇప్పుడు రెండో, మూడో సంఖ్యలు చెరిగిపోయాయి అనుకుందాం. వాటిని అ, ఆ అంటే:

అ + ఆ = 165 - 82 = 83
2అ + 3ఆ = 413 - 202 = 211

పదో తరగతి లెక్కే. మొదటి సమీకరణాన్ని 2తో గుణించి తీసేస్తే ఆ = 45, అ = 38. పోయిన రెండూ తిరిగి వచ్చాయి!

ఇంకో వింత చూడండి. సంఖ్య చెరగలేదు, మూడో రోజు 45 బదులు 48 అని తప్పుగా పడింది. ఎక్కడ తప్పు ఉందో మనకు తెలియదు. కూడి చూస్తే మొదటి మొత్తంలో 3 తేడా, రెండో మొత్తంలో 9 తేడా వస్తుంది. 9ని 3తో భాగిస్తే 3. అంటే తప్పు మూడో సంఖ్యలో ఉంది, 3 ఎక్కువ పడింది. రెండు అదనపు సంఖ్యలు ఉంటే చోటు తెలియని ఒక తప్పును పట్టి దిద్దవచ్చన్నమాట.

1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే శాస్త్రవేత్తలు ఈ తరహా ఆలోచనకే పెద్ద రూపం ఇచ్చారు. డిజిటల్ ఉపగ్రహ టీవీ మొదటి తరంలో ప్రతి 188 బైట్లకు 16 అదనపు బైట్లు చేర్చి 204గా పంపేవారు. 16లో సగం 8. కాబట్టి ఒక్కో ప్యాకెట్‌లో 8 తప్పు బైట్ల దాకా రిసీవర్ తనంతట తానే దిద్దుకుంటుంది. 2005లో వచ్చిన డీవీబీ-ఎస్2 పద్ధతిలో ఇంకా బలమైన ఎల్‌డీపీసీ సంకేతాలు వాడారు. వీటిని రాబర్ట్ గాలెజర్ 1960ల ఆరంభంలోనే కనిపెట్టినా, అంత లెక్క చేయగల చిప్పులు వచ్చేదాకా దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది.

మూడోది: కలిపి చల్లడం. మెరుపు మెరిసినప్పుడు, ఎవరో అడ్డం వచ్చినప్పుడు బిట్లు ఒకటి అరా కాదు, గుంపుగా పోతాయి. ఒకే ప్యాకెట్‌లో 20 బైట్లు పోతే దిద్దడం కుదరదు. అందుకని పంపేముందే బైట్ల వరుస మారుస్తారు. రిజిస్టర్‌ను అడ్డవరుసల్లో రాసి నిలువు వరుసల్లో పంపినట్టు. మధ్యలో ఒక నిలువు వరుస మొత్తం పోయినా, ఒక్కో అడ్డవరుసలో ఒక్కో సంఖ్యే పోతుంది. దాన్ని పై పద్ధతితో దిద్దుకోవచ్చు.

నాలుగోది: మళ్లీ అడగడం, ముందే నింపుకోవడం. ఇంటర్నెట్‌లో ఒక ముక్క రాకపోతే ఫోన్ 'మళ్లీ పంపు' అని అడుగుతుంది. ఉపగ్రహ టీవీలో అడిగే దారి లేదు. మన డిష్ వినగలదే తప్ప మాట్లాడలేదు. అందుకే అక్కడ తప్పు దిద్దే సంకేతాల మీదే భారం. ఇంటర్నెట్‌లో అయినా మళ్లీ తెప్పించుకోవడానికి సమయం కావాలి. ఆ సమయం కోసమే బఫర్. హాస్టల్ మీది నీళ్ల ట్యాంకు గుర్తు తెచ్చుకోండి. కరెంటు పోయి బోరు ఆగినా ట్యాంకులో నీళ్లున్నంతసేపు నల్లా ఆగదు. 30 సెకన్ల వీడియోను ముందే నింపుకుంటే, 20 సెకన్లు సిగ్నల్ పోయినా చూసేవారికి తెలియదు. అయితే ప్రత్యక్ష ప్రసారంలో ట్యాంకు ఎంత పెద్దదైతే అంత ఆలస్యంగా బొమ్మ కనిపిస్తుంది. రికార్డు చేసిన పాఠానికి ఆ ఇబ్బంది లేదు.

ఐదోది: పరిస్థితిని బట్టి తగ్గడం. ఒకే పాఠాన్ని నాలుగైదు నాణ్యతల్లో సిద్ధం చేసి, చిన్న చిన్న ముక్కలుగా ఉంచుతారు. సిగ్నల్ బాగుంటే ఫోన్ పెద్ద ముక్క తీసుకుంటుంది, తగ్గితే చిన్న ముక్క తీసుకుంటుంది. బొమ్మ కాస్త మసకబారుతుంది కానీ పాఠం ఆగదు. 2009లో వచ్చిన హెచ్ఎల్ఎస్, ఆ తర్వాత వచ్చిన డాష్ పద్ధతులు ఇలాంటివే. ఒకే గదిలో తీగ లేకుండా హెచ్‌డీ పంపడానికి 2009లో వచ్చిన డబ్ల్యూహెచ్‌డీఐ పద్ధతిలో దీనికి దగ్గరి ఆలోచన ఉంది. చుక్క రంగును చెప్పే బిట్లలో పెద్ద విలువ ఉన్నవాటికి ఎక్కువ రక్షణ, చిన్న విలువ ఉన్నవాటికి తక్కువ రక్షణ ఇస్తారు. పోతే చిన్నవే పోతాయి, బొమ్మ నిలబడుతుంది.

ఆరోది: ఒకటికి రెండు దారులు. గోడలకు తగిలి వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. జానెడు పక్కకు జరిగితే సిగ్నల్ మారడం ఇందుకే. కాబట్టి రెండు మూడు యాంటెన్నాలు పెడితే ఒకదానికి అందనిది ఇంకోదానికి అందుతుంది. ఈ మైమో పద్ధతికి పునాది వేసినవారిలో మన దేశానికి చెందిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ గారు ముఖ్యులు. 2014లో ఆయనకు మార్కోని బహుమతి లభించింది. 60 గిగాహెర్ట్జ్‌తో నడిచే వైర్‌లెస్‌హెచ్‌డీ పరికరాలు, 2008లో దీని నిర్దేశాలు వచ్చాయి, మనిషి అడ్డం వస్తే వేరే దిక్కున గోడకు కొట్టి తరంగాన్ని తిప్పి పంపుతాయి.

మన హాస్టల్‌లో ఏం చేయవచ్చు?

పెద్ద ఖర్చు లేకుండా చేయగల పనులు మేము కింద వరుసగా ఇస్తున్నాం. వార్డెన్ సార్ అనుమతితో, తెలిసినవారిని పక్కన పెట్టుకుని చేయాలి.

1. బొమ్మ ఆగితే ముందు ఆకాశం చూడండి. కుండపోత ఉంటే కాసేపు ఆగండి. వానలో మేడ ఎక్కి డిష్ తిప్పవద్దు. ఉరుములు మెరుపుల వేళ అది ప్రాణాపాయం. పైగా అప్పుడు తిప్పిన డిష్ వాన తగ్గాక కూడా తప్పు దిక్కునే ఉంటుంది.

2. వాన లేనప్పుడు కూడా ఆగితే, సెట్‌టాప్ బాక్సులో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు గీతలు చూపిస్తుంది. నాణ్యత గీత ముఖ్యం. బలం ఉండి నాణ్యత లేదంటే డిష్ దిక్కు తప్పి ఉండవచ్చు, లేదా ఏదో అడ్డం ఉండవచ్చు. తెరిపి రోజున ఆ అంకె ఎంత ఉందో గోడ మీద రాసి ఉంచితే, తర్వాత ఎంత తగ్గిందో తెలుస్తుంది.

3. డిష్ చూపు నేలకు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తే కంగారు పడవద్దు. ఇళ్లమీది డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. అవి కనిపించే దానికంటే పైకి చూస్తాయి.

4. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ జాయింట్‌లో నీరు చేరితే వాన తగ్గినా సిగ్నల్ తిరిగి రాదు. జాయింట్‌కు రబ్బరు తొడుగు వేయించాలి. కేబుల్‌ను కాస్త కిందికి వంచి తర్వాత పైకి తెస్తే, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. మధ్యలో అతుకులు ఎంత తక్కువైతే అంత మంచిది.

5. వైఫై రౌటర్‌ను బీరువా లోపల, ట్రంకు పెట్టెల వెనక పెట్టవద్దు. తలల కంటే ఎత్తున, హాలు మధ్యకు దగ్గరగా గోడకు బిగించాలి. అదే గదిలో చూసేవారికి 5 గిగాహెర్ట్జ్ మేలు, గోడ అవతలివారికి 2.4 మేలు.

6. కదలని వస్తువుకు గాలి దారి ఎందుకు? టీవీ గానీ ప్రొజెక్టర్ గానీ ఒకేచోట ఉంటాయి. వాటికి తీగ వేస్తే గాలిలోని దారి ఫోన్లకు మిగులుతుంది.

7. 30 మంది 30 ఫోన్లలో ఒకే పాఠం చూస్తే, ఒక్కొక్కరికి సెకనుకు 20 లక్షల బిట్ల చొప్పున 6 కోట్ల బిట్లు కావాలి. అదే పాఠాన్ని ఒకే తెర మీద వేస్తే 50 లక్షలతో హెచ్‌డీలో చూడవచ్చు.

ఊరికి వెళ్లినప్పుడు

సెలవుల్లో మన చేతిలో ఉండేది ఇంట్లోవారి ఒక్క ఫోన్. 45 నిమిషాల పాఠాన్ని సెకనుకు 50 లక్షల బిట్ల హెచ్‌డీలో చూస్తే సుమారు 1.7 జీబీ ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్లాన్‌లో ఒక్క పాఠం కూడా పూర్తికాదు. అదే పాఠం సెకనుకు 5 లక్షల బిట్లలో సుమారు 170 ఎంబీతో అయిపోతుంది. బోర్డు మీది అక్షరం చదవగలిగితే చాలు, టీచర్ చొక్కా గీతలు లెక్కపెట్టనక్కర్లేదు. కాబట్టి నాణ్యతను 'ఆటో'లో వదలకుండా తగ్గించి పెట్టుకోండి. సిగ్నల్ ఉన్నచోట పాఠాన్ని దింపుకుని ఇంటి దగ్గర చూడండి. ఇది కూడా బఫరే, ట్యాంకు కాస్త పెద్దది, అంతే.

పాఠాలు తయారుచేసే టీచర్లకు కూడా మాదొక మనవి. మాటకు పట్టే బిట్లు బొమ్మకు పట్టే వాటిలో చిన్న భాగం. బొమ్మ పోయినా మాట వింటే అర్థమయ్యేలా, బోర్డు మీద రాసింది పైకి చదువుతూ చెబితే, సిగ్నల్ తక్కువ ఉన్న గూడెంలోని పిల్లవాడికి కూడా పాఠంలో ముఖ్యమైనది అందుతుంది. ముఖ్యమైన దానికి ఎక్కువ రక్షణ అన్న ఐదో ఉపాయమే ఇది.

పూర్వ విద్యార్థులు హాస్టల్‌కు ఏమైనా ఇవ్వాలనుకుంటే పెద్ద టీవీ కంటే ముందు పెద్ద డిష్, మంచి కేబుల్, పాఠాలు నింపిన ఒక హార్డ్ డిస్క్ గురించి ఆలోచించవలసిందిగా కోరుతున్నాం. తెర ఎంత పెద్దదైనా దానికి చేరే దారి తెగితే నల్లటి అద్దమే.

ఆలోచించి చెప్పండి

1. నాలుగు రోజుల సంఖ్యల్లో మొదటిది 30, నాలుగోది 36. మధ్యవి రెండూ చెరిగాయి. మామూలు మొత్తం 131, వరుస సంఖ్యలతో గుణించిన మొత్తం 335. చెరిగినవి ఏవి?

2. అదే రిజిస్టర్‌ను ఇంకొకరు 30, 34, 31, 39 అని ఎత్తి రాశారు. తప్పు ఎక్కడ ఉందో పై రెండు మొత్తాలతో కనుక్కోండి.

3. 60 సెంటీమీటర్ల డిష్ బదులు 120 సెంటీమీటర్లది పెడితే ఎన్ని డెసిబెల్‌ల నిలువ దొరుకుతుంది?

4. ఉపగ్రహ పాఠంలో 'మళ్లీ పంపు' అని అడగలేం కదా, మరి పోయిన బైట్లు ఎలా తిరిగి వస్తాయి?

జవాబులు: 1) 34, 31. 2) తేడాలు 3, 12. 12ను 3తో భాగిస్తే 4, కాబట్టి నాలుగో సంఖ్య, అది 36 ఉండాలి. 3) వైశాల్యం 4 రెట్లు, అంటే రెండుసార్లు రెట్టింపు, సుమారు 6 డెసిబెల్‌లు. 4) వాటితోపాటే ముందుగా పంపిన అదనపు బైట్లతో లెక్కగట్టి.

ఈ లెక్కలు చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కసారి మేడ కింద నిలబడి మన డిష్ వైపు చూడండి. దాని ముందు కొమ్మ ఏదైనా అడ్డంగా పెరిగి ఉంటే, వానాకాలం రాకముందే వార్డెన్ సార్‌కు చెప్పి కొట్టించండి.